అభ్యంతరం లేని నీళ్లు

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. అయితే ఆ ముక్కుతోనే నేను ముప్పై ఏళ్లు అన్నం తిన్నానని, ఆ కోపంలో చాలా భాగం ఉద్యోగంలో సంపాదించుకున్నదేనని వాళ్లకు పెద్దగా తెలియదు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నీళ్లు పరీక్షించే కెమిస్టుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, మీ రోజుల్లో ఏ మెషీన్లు ఉండేవి మేడమ్ అని అడుగుతుంటారు. మెషీన్ల సంగతి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఒక మాట సంగతి. రిపోర్టులో నేను నిజాయితీగా రాసిన మాటను ఒక పెద్దమనిషి ఊరందరి ముందు ఎలా తిప్పి చదివాడో చెబుతాను. రేపు మీరు కూడా ఇలాంటి మాటలే రాస్తారు, వాటిని చదివేవాళ్లు అలాంటివాళ్లే ఉంటారు.

నీళ్లలో ఉప్పు ఎంత, సున్నం ఎంత, ఫ్లోరైడ్ ఎంత అని తేల్చడానికి మా దగ్గర పరికరాలుండేవి. వాసనకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ముక్కే పరికరం. వెడల్పు మూతి ఉన్న సీసాలో సగం దాకా నీళ్లు పోసి, బిరడా బిగించి, కొంచెం వెచ్చబెట్టి, బాగా కుదపాలి. బిరడా తీసిన మరుక్షణం వాసన చూడాలి. చూసి, రిపోర్టులో వాసన అని ఉన్న చోట ఒక మాట రాయాలి. బాగుంటే 'అన్‌అబ్జెక్షనబుల్'. అంటే అభ్యంతరపెట్టాల్సిన వాసన లేదని. బాగాలేకపోతే 'అబ్జెక్షనబుల్'. అంతకుమించి కవిత్వం రాయడానికి అక్కడ చోటు లేదు.

ఈ పనికి ముక్కు శుభ్రంగా ఉండాలి. మా చీఫ్ కెమిస్టు కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు. మంచి మనిషి, పని తెలిసిన మనిషి. కానీ బుగ్గలో జర్దా పాన్ లేకుండా ఆయన్ను చూసినవాళ్లు ఫ్యాక్టరీలో లేరు. మిగతా కెమిస్టుల్లో ఒకరికి సిగరెట్, ఒకరికి గుట్కా. జర్దా నములుతూ వాసన చూస్తే మురిక్కాలువ నీళ్లు కూడా జర్దా లాగే ఉంటాయి. అందుకని సంగారెడ్డి కాలేజీలో బీఎస్సీ చదివి, ల్యాబ్ మొత్తానికి ఒక్క ఆడపిల్లగా చేరిన నాకు ఆ పని అప్పజెప్పారు. క్యాంటీన్‌లో నా పేరు 'ముక్కు మేడమ్'. సాంబారు మాడిందేమో చూడమని వంటాయన గరిటె పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. వాసన పరీక్ష ఉన్న రోజు నేను పూలు పెట్టుకోకూడదు, పౌడర్ రాసుకోకూడదు, పచ్చి ఉల్లిగడ్డ ముట్టకూడదు. పెళ్లయిన కొత్తలో ఇస్నాపూర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. తలలో పువ్వు లేకుండా డ్యూటీకి బయల్దేరే కొత్త కోడల్ని చూసి మా అత్తగారు చాలా రోజులు బాధపడ్డది. నీళ్ల వాసన చూడటం కూడా ఒక ఉద్యోగమేనా అని ఆమె అనుమానం.

ల్యాబ్‌లో గాజు సామాను కడగడానికి ఒక ఆమె వచ్చేది. మా ఫ్యాక్టరీ వెనక గోడకు అవతల ఉన్న ఊరే ఆమెది. పొలాల్లో కూలికి పోయే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలై వచ్చింది. ఆ పొలాల్లో ఫ్యాక్టరీలు లేచాక ఫ్యాక్టరీల్లో కూలికి రావడం మొదలుపెట్టింది. నాకంటే రెండు మూడేళ్లు చిన్న. నలుగురిలో మేడమ్ అనేది, ఎవరూ లేనప్పుడు అక్కా అనేది. ఏడేళ్ల కూతురుండేది ఆమెకు. ఆ పిల్ల బడి లేని రోజుల్లో గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో కూర్చుని తల్లి కోసం ఎదురుచూసేది.

ఆ ఊరి బోర్ల నీళ్లకు వాసన మొదలై అప్పటికే కొన్నేళ్లయింది. కుళ్లిన క్యాబేజీ వాసన, దాని వెనకే ఆస్పత్రి వాసన. చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు వాడిన నీళ్లను గుంటల్లోకి, వాగుల్లోకి వదిలితే అవి నేలలోకి ఇంకక ఎక్కడికి పోతాయి? ఎవరి నీళ్లని అడిగితే ప్రతి ఫ్యాక్టరీ పక్క ఫ్యాక్టరీ వైపు వేలు చూపించేది. మాది కూడా అదే చేసేది.

"చుట్టాలొస్తె గిలాస నోటి దాక తెచ్చి కింద పెడ్తరు మేడమ్," అని ఆమె ఒకసారి సీసాలు కడుగుతూ చెప్పింది. "మేమే గందుల ఏందో కలిపినట్టు మా మొకాలు జూస్తరు. మా ఆడిబిడ్డయితె రానే వస్తలేదు. ఇంటికొచ్చినోళ్లకు నీళ్లియ్యలేని బతుకైపాయె."

అందుకని ఆ నీళ్లను బట్టలుతకడానికి, బాసండ్లు తోమడానికి మాత్రమే వాడేవాళ్లు. తాగే నీళ్ల కోసం ఆడవాళ్లు బిందెలెత్తుకుని హైవే దాటి, అవతల ఒక రైతు బావికి పోయేవాళ్లు. లారీల మధ్య నెత్తిన బిందెతో ఆ రోడ్డు దాటడం చూస్తే నాకు గుండె గుబేలుమనేది. మంజీర నది నీళ్లు పట్నానికి తీసుకుపోయే పెద్ద పైపు ఆ హైవే పక్కనుంచే పోయేది. దాంట్లోంచి మా ఊరికి ఒక పాయ ఇయ్యమని ఊరంతా అడగడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ గేటు ముందు బిందెలు పెట్టి కూర్చున్నారు. నీటి సరఫరా చూసే ఆఫీసరు ఏయే ఊళ్లకు మంజీర నీళ్లు అవసరమో రాసి పంపాలట, ఆ పనిలో ఉన్నాడట అని కబురొచ్చింది.

ఆ కబురు మా పర్సనల్ మేనేజర్ చెవిన కూడా పడింది. పర్సనల్ మేనేజర్ అంటే యూనియన్లతో, ఊళ్లతో, ఆఫీసులతో మాట్లాడే మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, తియ్యటి మాట. ఊరికి పైపు రావాలంటే, నీళ్లు ఎందుకు చెడిపోయాయన్న ప్రశ్న ముందుగా కాగితం మీదికి రావాలి. ఆ ప్రశ్న రాకుండా ఉండాలంటే నీళ్లు చెడిపోలేదనిపించాలి. అలా పుట్టింది ఊరి బోరు దగ్గర బొగ్గు డ్రమ్ము. బోరు నీళ్లు ఆ బొగ్గులోంచి దిగి కొళాయికి వస్తాయి.

ఈ బొగ్గు పొయ్యిలోది కాదు. కొబ్బరి చిప్పల్ని కాల్చి, ఆవిరితో బాగా వేడిచేసి తయారుచేస్తారు. గింజ గింజలో కంటికి కనిపించని సందులు కోకొల్లలు. నీళ్లకు వాసన, రంగు తెచ్చే పదార్థాలు ఆ సందుల గోడలకు అతుక్కుపోతాయి. చోటున్నంత కాలం పట్టుకుంటుంది, నిండిపోయాక వదిలేస్తుంది. అప్పుడు పాతది తీసేసి కొత్త బొగ్గు పోయాలి. ఇది చాలా మంచి వస్తువు, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. కానీ ఉప్పును, సున్నాన్ని, ఫ్లోరైడ్‌ను అది పట్టుకోదు. ఆ పని దానిది కాదు. మా ఫ్యాక్టరీలో మందుల తయారీకి వాడే నీళ్లు కూడా ఇలాంటి బొగ్గులోంచే వచ్చేవి. కాకపోతే బొగ్గు తర్వాత ఉప్పు తీసే ఏర్పాట్లు వరసగా ఉండేవి, అవన్నీ దాటాకే ఆ నీళ్లు మందును తాకేవి. ఊరి మనుషులకు మాత్రం ఒక్క బొగ్గు చాలనుకున్నారు. మందు బిళ్లకు ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వలేదు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

డ్రమ్ముకు పసుపు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, కొళాయి తిప్పారు. వాసన లేని నీళ్లు వచ్చాయి. ఆడవాళ్లు దోసిళ్లు పట్టి వాసన చూసి, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వారు. మర్నాడు మా సీసాలు కడిగే ఆమె ల్యాబ్‌కు పాట పాడుకుంటూ వచ్చింది. హైవే దాటే పని తప్పిందని, ఆడబిడ్డకు కబురు పంపానని చెప్పింది. నాకు సంతోషం వేసింది, లోపల ఎక్కడో గుచ్చుకుంది కూడా.

కొన్ని వారాలు పోయాక ఆమే అడిగింది.

"అక్కా, వాసనైతే లేదు గని పప్పు ఉడుకుతలేదు. ఎంత కట్టె పెట్టినా రాళ్ల లెక్కనే ఉంటుంది. చాయ తాగుతె నోరు అదో తీరైతది. పిల్ల కడుపునొస్తుంది, కడుపునొస్తుంది అంటది. నీళ్లదేనా గిది?"

పిల్ల కడుపునొప్పి నీళ్ల వల్లేనని నేను చెప్పలేను. నేను డాక్టర్ను కాను. కానీ ఆ నీళ్లు తెప్పించి పరీక్ష చేశాను. వాసన లేదు. ఉప్పు, సున్నం, ఫ్లోరైడ్ అన్నీ తాగే నీళ్లలో ఉండాల్సిన హద్దు దాటి ఉన్నాయి. బొగ్గు లోపలికి పోకముందు ఎంతున్నాయో, బయటికి వచ్చాకా అంతే ఉన్నాయి. రిపోర్టులో వరసగా రాశాను. వాసన దగ్గర 'అన్‌అబ్జెక్షనబుల్' అని, మిగతావాటి దగ్గర అంకెలు, ఆ కింద ఈ నీళ్లు తాగడానికి పనికిరావని. చీఫ్ కెమిస్టు చదివి, పాన్ ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు మార్చుకుని, సంతకం పెట్టారు. అప్పట్లో అలా సంతకం పెట్టడానికి ధైర్యం కావాలి, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ తర్వాత ఆఫీసరు ఊరికి వచ్చే రోజు వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. పర్సనల్ మేనేజర్ నన్ను కూడా జీపులో ఎక్కించుకున్నారు. ల్యాబ్ తరఫున మీరుంటే బాగుంటుంది మేడమ్ అన్నారు. నా రిపోర్టు ఆయన చేతిలో ఉంది. ఆఫీసరుకు అదంతా చదివి వినిపిస్తారని అనుకున్నాను. అప్పటికి నా వయసు అలాంటిది.

ఆయన మైకు అందుకుని, ఊరి బాగు కోసం కంపెనీ పడుతున్న తపన గురించి కాసేపు మాట్లాడారు. తర్వాత రిపోర్టు పైకెత్తి, "నీటి వాసన, అభ్యంతరం లేదు" అని తెలుగు చేసి చదివారు. కాగితం మడిచారు. మడిచి, "అంటే ఈ నీళ్ల విషయంలో గ్రామస్తులకు ఎలాంటి అభ్యంతరం లేదని మా ల్యాబ్ కూడా నిర్ధారించింది" అన్నారు.

ఒక్క క్షణం నాకు నా చెవుల మీద నమ్మకం పోయింది. నా ముక్కుకు తట్టిన సంగతి నేను రాస్తే, అది ఊరందరూ ఒప్పుకున్నట్టు ఎలా అయింది? నేను లేచి నిలబడ్డాను.

"సార్, నేను రాసింది నీళ్ల వాసన గురించి. జనం గురించి కాదు. దాని కింద ఉప్పు గురించి, ఫ్లోరైడ్ గురించి రాసిన. అది కూడా చదవండి."

మేనేజర్ నా వైపు చూసి నవ్వారు, చిన్నపిల్ల మారాం చేస్తే పెద్దవాళ్లు నవ్వినట్టు. ఆఫీసరు చేయెత్తి, "అమ్మా, టెక్నికల్ సంగతులు మీరూ మీరూ ఆఫీసులో మాట్లాడుకోండి. ఊరివాళ్ల కంప్లయింట్ వాసన మీద. వాసన ఉన్నదా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు.

డ్రమ్ము నుంచి పట్టిన గ్లాసు ఎవరో నా చేతికిచ్చారు. వందమంది నా ముక్కు వైపే చూస్తున్నారు. చూశాను. లేదు. ఉందని ఎలా చెప్పను?

"లేదు," అన్నాను.

కంపెనీ మనుషులు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పినందుకు నాకు జీవితంలో దక్కిన చప్పట్లు అవే. అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు.

అప్పుడు ఆడవాళ్లలోంచి మా సీసాలు కడిగే ఆమె లేచింది. ఫ్యాక్టరీలో పనిచేస్తూ మేనేజర్ ఎదురుగా లేచి మాట్లాడటం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కొంగు నడుముకు దోపుకుని మాట్లాడింది.

"వాసన లేదు సారూ. నా పరేషాన్ గదే. వాసనున్నప్పుడు ఎవ్వరు తాగకుంటుంటిమి. రోడ్డు దాటో, చెల్క దాటో మంచి నీళ్లు తెచ్చుకుంటుంటిమి. పోరగాండ్లు కూడ ముట్టకుంటుండిరి. ఇప్పుడు బడికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు గా నల్లకే నోరు పెడుతున్నరు. ఉడకని పప్పు జూసి నాకు భయమైతుంది. తాగొద్దంటె ఎందుకే అంటది నా బిడ్డ. ఏం జెప్పి వద్దనాలె?"

మనసున్నవాడికి ఎవరికైనా అది చాలు. మేనేజర్ మాత్రం మైకు దగ్గరికి జరిగి, "చూశారా సార్, ఆమె కూడా వాసన లేదనే అంటోంది" అన్నారు. ఆఫీసరు తలూపి రాసుకున్నాడు. టీ, బిస్కెట్లు వచ్చాయి. ఆ ఊరికి ఇప్పట్లో మంజీర నీళ్లు అవసరం లేదని తేలిపోయింది.

మర్నాడు నేను చీఫ్ కెమిస్టు గదిలోకి పోయి కూర్చున్నాను. ఆయనే ముందుగా అందుకున్నారు.

"అంత కోపం ఎందుకమ్మా? మనం రాసిందాంట్లో తప్పు లేదు కదా."

"రాసిందాంట్ల లేదు సార్. చదివినకాడ ఉంది."

"చదివేవాళ్ల చేతులు మనం పట్టుకోగలమా?" అన్నారు ఆయన. అని, కిటికీలోంచి పాన్ ఉమ్మివచ్చి, బల్ల మీది ఫైలు ముందుకు లాక్కున్నారు. ఆ మనిషి పిరికివాడు కాదు, అలసిపోయినవాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ అలసట మీద కూడా నాకు కోపమే వస్తుంది. అలసిపోవడానికి మాకు కుర్చీలున్నాయి. ఆ ఆడవాళ్లకు బిందెలున్నాయి.

ఆ మధ్యాహ్నం సింకు దగ్గర మా ఆమెకు నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. డ్రమ్ము నీళ్లు ఒక గాజు పళ్లెంలో పోసి, పొయ్యి మీద పెట్టి, ఇగిరిపోయేదాకా మరిగించాను. అడుగున తెల్లగా పొర కట్టింది. గోటితో గీకితే పొట్టు లేచింది. బొగ్గు వాసనను పట్టుకుంటుంది, దీన్ని పట్టుకోదు అన్నాను. ఆమె ఆ పొరను వేలితో తాకి, నాలుక మీద పెట్టుకోబోయి ఆగిపోయింది.

"గీ పళ్లెం తీస్కపోత అక్కా. మావోళ్లకు సూపెట్టొస్త."

ల్యాబ్ సామాను గేటు దాటించకూడదు. తీసుకపొమ్మన్నాను. ఆ పళ్లెం ఊళ్లో ఎన్ని ఇళ్లు తిరిగిందో నాకు తెలియదు, తిరిగి మాత్రం రాలేదు. కొందరు మళ్లీ బిందెలెత్తుకుని హైవే దాటడం మొదలుపెట్టారు. ముసలివాళ్లున్న ఇళ్లు, పసిపిల్లలున్న ఇళ్లు డ్రమ్ము దగ్గరే ఉండిపోయాయి. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఎండాకాలం వచ్చింది. బోరు రోజంతా ఆడింది, బొగ్గు నిండిపోయింది. ఒకరోజు మా ఆమె పరుగులాంటి నడకతో వచ్చి, "అక్కా, వాసనొస్తుంది" అంది. మొహం వెలిగిపోతోంది. నీళ్లు కంపు కొడుతున్నాయని సంబరంగా చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆ పూటే వాళ్లింట్లో కూతురికి కొత్త చట్టం కూడా పెట్టింది. వాసనొచ్చే నీళ్లు తాగితే కాళ్లిరగ్గొడ్తా అని.

మేనేజర్‌కు కబురు అందింది. బొగ్గు కోసం ఆయన ఎన్నడూ అంత తొందరపడలేదు. ఫ్యాక్టరీకే బొగ్గు కావాలంటే నెల తిప్పే స్టోర్స్ వాళ్లు, ఊరి డ్రమ్ముకు మాత్రం జల్దీ జల్దీ లారీ ఎక్కించారు. లారీ ఊరి మొగదల ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా ఆడవాళ్లు కూర్చున్నారు. కొత్త బొగ్గు పొయ్యనియ్యం అన్నారు.

మేనేజర్ నా బల్ల దగ్గరికి స్వయంగా వచ్చారు. ఆయన నా బల్ల దగ్గరికి రావడం అదే మొదలు.

"మేడమ్, వాళ్లకు పిచ్చెక్కినట్టుంది. వాసన పోగొట్టే బొగ్గు వద్దంటున్నారు. మీరు ఆడవారు, మీ మాట వింటారు. వెళ్లి నచ్చజెప్పి రండి."

పోయాను. వేపచెట్టు కింద లారీ డ్రైవర్ బీడీ కాలుస్తున్నాడు. మా ఆమె ముందు వరసలోనే ఉంది. ఆ రోజు పనికి రాలేదు, రేపు పని ఉంటుందో లేదో తెలియదు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"మమ్మల్ని లేపనీకి వచ్చినవా అక్కా?"

"అందుకే పంపిండ్రు."

"మరి లేపుతవా?"

"ఎందుకు లేపాలె?"

పక్కనున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "గా దినం గిలాసల వాసన జూసి లేదన్నది నువ్వే గద బిడ్డా?" అంది. నేనే అన్నాను. "మరి ఇయ్యాల జూడు," అని చెంబు నా చేతికిచ్చింది. ముక్కు దాకా తేవాల్సిన పని లేకపోయింది. "వాసనున్నది," అన్నాను. ముసలామె చెంబు తీసుకుని, "ఇగ గది పోయి చెప్పు మీ సారుకు," అంది.

ఫ్యాక్టరీకి వచ్చి మేనేజర్ గదిలోకి నేరుగా నడిచాను. ఆయన ఫోన్ మీద చేయి పెట్టి, ఏమన్నారు అన్నట్టు చూశారు.

"వాళ్లకు అభ్యంతరం ఉంది సార్," అన్నాను.

ఆయన మొహం ఎలా ఉందో వర్ణించను. చూసినందుకు మాత్రం నాకు తృప్తిగా ఉంది.

అదే ఆఫీసరు మళ్లీ వచ్చాడు. ఈసారి షామియానా లేదు, మైకు లేదు. ముసలామె చెంబు అందించింది. ఆయన జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని, దూరం జరిగి, ఇన్నాళ్లూ ఈ నీళ్లెట్ల వాడుతున్నరు అని అడిగాడు. నా రిపోర్టులో అన్ని అంకెలుంటే ఆయనకు అర్థం కాలేదు. ఒక్కసారి ముక్కుకు తగిలేసరికి అర్థమైంది. ఆ ఊరికి మంజీర పైపు కావాలని ఆ వారమే రాసి పంపాడట. ఊరు గెలిచిందని అందరూ అన్నారు. నేనూ సంతోషించాను, కానీ అదేం గెలుపో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఊళ్లో నీళ్లు బాగాలేవని నమ్మించడానికి ఆడవాళ్లు కంపును కాపలా కాయాల్సి వచ్చింది.

నన్ను ప్యాకింగ్ సెక్షన్‌కు మార్చారు, డబ్బాల మీద లేబుళ్లు సరిగ్గా అతికాయో లేదో చూసే పని. రెండేళ్ల తర్వాత మళ్లీ ల్యాబ్‌కు తీసుకున్నారు. ఆ మధ్యకాలంలో నీళ్ల వాసన చూసి సంతకం పెట్టింది మా చీఫ్ కెమిస్టే, జర్దా నములుతూ. మా ఆమెను పనిలోంచి తీసేశారు. రెండు నెలలు ఖాళీగా ఉండి, రోడ్డవతల ఇంకో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కుదురుకుంది. అక్కడ బాసండ్లు తోమే పని. గాజు కాదు కాబట్టి పగులుతాయన్న భయం లేదక్కా అని నవ్వింది.

పైపు పడి, ఊళ్లో మంజీర నల్లా తిప్పే రోజు నన్ను పిలిచింది ఆమే. సెలవు పెట్టి పోయాను. మా పర్సనల్ మేనేజర్ అప్పటికే వేదిక మీద ఉన్నారు. శాలువా కప్పించుకుంటున్నారు. ఊరి నీటి సమస్య పరిష్కారానికి మొదటి నుంచీ కృషి చేసిన పెద్దమనిషి అని ఎవరో మైకులో చెబుతున్నారు. నాకు లేచి మైకు లాక్కోవాలనిపించింది. మా ఆమె నా చేయి పట్టుకుని నల్లా దగ్గరికి లాక్కుపోయింది. ఆయన్ను చూడటానికి కాదు నిన్ను పిలిచింది అంది.

నల్లా దగ్గర ఆమె కూతురు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికి తొమ్మిదేళ్లు నిండినట్టున్నాయి. గ్లాసు నిండా నీళ్లు. తాగడం లేదు.

"పొద్దటి సంది గిదే లొల్లి," అంది తల్లి. "వాసనొస్తుంది, తాగ అంటది. నువ్వు జెర చెప్పక్కా. నా మాట ఇంటలేదు."

నేను గ్లాసు తీసుకుని వాసన చూశాను. బ్లీచింగ్ వాసన. సూక్ష్మజీవుల్ని చంపడానికి నీళ్లలో కలిపే మందుది. మంచి నీళ్లే. గ్లాసులో సగం తాగి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఇది మంచి వాసనే బిడ్డా. నీళ్లల్ల పురుగులు చావనీకి వేస్తరు. కడవల పోసి కాసేపు ఉంచితె పోతది. తాగు, ఏం కాదు."

పిల్ల నన్ను నమ్మలేదు. ఆ కళ్లు చూస్తే తెలుస్తోంది.

"బోరు నీళ్లకు వాసనొస్తె తాగొద్దన్నరు."

"అవును."

"డ్రమ్ము నీళ్లకు వాసన రాలే. అవి కూడ తాగొద్దన్నరు."

"అవును."

"గివి వాసనొస్తున్నయి. గివి తాగాల్నా?"

"తాగాలె బిడ్డా."

"మరి నాకెట్ల తెలుస్తది?"

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో ఇంటర్వ్యూలు, ఎన్నో తనిఖీలు ఎదుర్కొన్నాను. ఎవరూ నన్ను అలా నిలబెట్టలేదు. నీళ్లు మంచివో కావో తెలుసుకోవడానికి ప్రతి ప్రాణీ పుట్టుకతోనే ఒక ముక్కు తెచ్చుకుంటుంది. ఆ పిల్ల ముక్కును మేమంతా కలిసి ఎందుకూ పనికిరాకుండా చేశాం. ఒకరు నీళ్లను పాడుచేశారు, ఒకరు ఆ పాడును బొగ్గుతో దాచారు, ఒకరు కాగితం మడిచి చదివారు. దాహమేస్తే గ్లాసెత్తి తాగాల్సిన పిల్ల, నల్లా దగ్గర నిలబడి ఒక కెమిస్టును అడగాల్సి వచ్చింది. వేదిక మీద ఇంకా చప్పట్లు వినిపిస్తున్నాయి.

పిల్ల కాసేపు నా వైపు చూసింది, కాసేపు తల్లి వైపు చూసింది. ఎండగా ఉంది, దాహంగా కూడా ఉన్నట్టుంది. చివరికి ఎడమ చేత్తో ముక్కు గట్టిగా మూసుకుని, కుడి చేత్తో గ్లాసెత్తి, కళ్లు మూసుకుని ఆ మంచి నీళ్లు తాగేసింది.